ఫైన్ పెంచితే హెల్మెట్ పెడతారా? ఆర్థికవేత్తల లెక్క ఏం చెబుతోందంటే..

వేముల నుంచి పులివెందులకు బైక్‌పై బయల్దేరే వ్యక్తి ముందు రెండు ప్రశ్నలుంటాయి. హెల్మెట్ లేకుండా దొరికితే ఎంత కట్టాలి? అసలు దొరుకుతానా? చాలామంది రెండో ప్రశ్నకే జవాబు చూసుకుని, హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని వెళ్లిపోతారు.

2019 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం హెల్మెట్ ఫైన్‌ను రూ.100 నుంచి రూ.1,000కి పెంచింది. అంటే ఏకంగా పది రెట్లు! మరి భయం కూడా పది రెట్లు పెరిగిందా? హెల్మెట్ లేక మూడు నెలల్లోనే 667 మంది చనిపోయారంటూ 2024 డిసెంబర్‌లో ఏపీ హైకోర్టు సీరియస్ అయింది.

ఈ లెక్కను 1968లోనే చెప్పిన ఆర్థికవేత్త గ్యారీ బెకర్. 1992లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఓసారి ఎగ్జామ్ తీసుకోవడానికి లేటవుతుంటే, కారు రూల్ తప్పి రోడ్డుపక్కన పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుండగా ఈ ఐడియా తట్టిందట.

లెక్క సింపుల్. ఫైన్‌ను దొరికే అవకాశంతో గుణించాలి. పదిసార్లలో ఒకసారి దొరికే చోట రూ.100 ఫైన్ ఉంటే, ఒక్కో ట్రిప్పుకు పడే భారం రూ.10. వందసార్లలో ఒకసారే దొరికితే రూ.1,000 ఫైన్ ఉన్నా అదే రూ.10! ఫైన్ పెంచడానికి ఒక్క జీవో చాలు. దొరికే అవకాశం పెంచాలంటే సిబ్బంది కావాలి, జీతాలు కావాలి. ప్రభుత్వాలకు మొదటిదే ఎందుకు ఇష్టమో వేరే చెప్పాలా?

అయితే శిక్ష పనిచేస్తోందో లేదో కొలవడం కష్టం. చలాన్లు పెరిగితే తప్పులు పెరిగినట్టా, చెకింగ్ పెరిగినట్టా? రెండూ కావచ్చు. అందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం రాజస్థాన్ పోలీసులతో కలిసి డ్రంక్ అండ్ డ్రైవ్‌పై నేరుగా ప్రయోగమే చేసింది. ఏ స్టేషన్ పరిధిలో తనిఖీలు పెట్టాలో లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారు. కొన్నిచోట్ల ప్రతిసారీ ఒకే స్పాట్, మరికొన్నిచోట్ల స్పాట్ మారుస్తూ పోయారు. లెక్కించింది చలాన్లను కాదు, ప్రమాదాలను.

స్పాట్ మార్చిన చోట్ల రాత్రి ప్రమాదాలు 17 శాతం, మరణాలు 25 శాతం తగ్గాయి. ఒకేచోట కాపు కాసిన దగ్గర చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఎందుకంటే తాగినోళ్లు పక్కరోడ్డు పట్టుకున్నారు!