సి-20 చూసిందేమిటి?

ఎర్ర రక్తకణాలు తయారు చెయ్యమని ఎముక మూలుగకు కబురు పంపేవి మూత్రపిండాలు. ఆ కబురు మోసే హార్మోను పేరు ఎరిత్రోపోయిటిన్, పొట్టిగా ఈపీఓ. 1977లో షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం దాన్ని మొదటిసారి శుద్ధిగా వేరుచేసింది. అందుకు జపాన్ శాస్త్రవేత్త తకాజీ మియాకే 2,550 లీటర్ల మూత్రం పోగుచేయించి, దాని నుంచి తీసిన ముడిపదార్థాన్ని అమెరికాకు తెచ్చాడు. ఆ మూత్రమంతా తీవ్రమైన రక్తహీనత ఉన్న రోగులది. చివరికి చేతికి దక్కిన ఈపీఓ కొద్ది మిల్లీగ్రాములే. తర్వాత ఆంజెన్ కంపెనీలో ఫూ-కుయెన్ లిన్ దాని జన్యువును పట్టుకున్నాడు. 1989లో మందు అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి డయాలసిస్‌కు వెళ్ళే కుటుంబాలకు కూడా ఇవాళ అది కొత్త పేరేమీ కాదు.

అదే 1989లో ఇంకో పని జరిగింది. ఈపీఓ వచ్చి వాలే గ్రాహకం, అంటే రిసెప్టర్, దాని జన్యువును ఎలుక కణాల నుంచి అలాన్ డియాండ్రియా, హార్వే లోడిష్, గోర్డన్ వాంగ్ వేరుచేశారు. ఈ గ్రాహకం కణం పైపొరకు అడ్డంగా దిగి ఉంటుంది. బయటి భాగం ఈపీఓను పట్టుకుంటుంది, లోపలికి వేలాడే తోక కబురును కణంలోకి చేరవేస్తుంది. ఎర్ర రక్తకణంగా మారబోతున్న కణం మీద కూడా ఇవి సుమారు వెయ్యే ఉంటాయి. కొన్ని రొమ్ము కాన్సర్ కణాల మీద హెర్2 గ్రాహకాలు లక్షల్లో ఉంటాయి, వాటిని చూడడం తేలిక. ఈ వెయ్యింటిని చూడడం చాలా కష్టం.

ఆ కష్టం తీర్చడానికి అమ్మకానికి వచ్చిన యాంటీబాడీల్లో ఒకటి సి-20. దాని పుట్టుక మామూలుదే. గ్రాహకం తోక చివర ఉన్న అమైనో ఆమ్లాల వరుసను పోలిన చిన్న ముక్కను, పెప్టైడును, ల్యాబులో కట్టి కుందేలుకు ఎక్కిస్తారు. కుందేలు ఒంట్లో దానికి యాంటీబాడీలు పుడతాయి. రక్తం తీసి, ఆ పెప్టైడుకు అంటుకునేవాటిని మాత్రం ఏరి సీసాల్లో నింపుతారు. ఒకే రకం యాంటీబాడీ కాదది, పలు రకాల కలగలుపు. పరిశోధనకు మాత్రమేనని సీసా మీద ఉండేది.

ఇక వాడకం. కణితి ముక్కను ఫార్మలిన్‌లో నిలవచేసి, పారఫిన్‌ మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో కొన్ని వేయో వంతుల మందాన కోసి స్లైడు మీద పరుస్తారు. సి-20 పోస్తారు. అంటనిది కడిగేస్తారు. కుందేలు యాంటీబాడీలను పట్టుకునే రెండో యాంటీబాడీ వేస్తారు, దానికి ఒక ఎంజైము కట్టి ఉంటుంది. ఆ ఎంజైము తన మీద పోసిన రసాయనాన్ని గోధుమ రంగుకు మారుస్తుంది. మైక్రోస్కోపు కింద గోధుమ రంగు కనబడితే గ్రాహకం ఉన్నట్టు. రంగు మాత్రమే మనకు కనబడుతుంది. గ్రాహకం ఉందనేది మనం నమ్మే మాట.

2001 నుంచి ఆ గోధుమ రంగు కణితుల్లో కనబడుతోందని వరసగా పేపర్లు వచ్చాయి. కీమోథెరపీతో రక్తం తగ్గిన కాన్సర్ రోగులకు ఈపీఓ ఇస్తున్న రోజులవి. కణితికే ఆ గ్రాహకం ఉంటే, రక్తం పెరగాలని ఇచ్చిన మందు కణితినీ పెంచదా? భయం ఊరికే పుట్టింది కాదు. 2003లో మైఖేల్ హెంకె బృందం తల, మెడ కాన్సర్ ఉన్న 351 మంది మీద జరిపిన ట్రయల్ ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. రేడియేషన్‌తో పాటు ఈపీఓ తీసుకున్నవారిలో కాన్సర్ అదుపు తప్పడం ఎక్కువైంది. 939 మంది రొమ్ము కాన్సర్ రోగులతో చేసిన ఇంకో ట్రయల్‌లో ఏడాది తర్వాత బతికున్నవారు ఈపీఓ వర్గంలో 70 శాతం, ఉత్తుత్తి మందు వర్గంలో 76 శాతం. 2006లో హెంకె బృందమే తమ పాత రోగుల్లో 154 మంది కణితులకు సి-20తో రంగు వేసి చూసింది. రంగు వచ్చిన కణితులున్నవారికే ఈపీఓ చెరుపు చేసిందని తేల్చింది. కథ అతికినట్టు సరిపోయింది.

అదే 2006లో బ్లడ్ పత్రికలో ఆంజెన్‌కు చెందిన స్టీవ్ ఎలియట్, సహచరులు నాలుగు పేజీల పేపరు వేశారు. నాకు ఈ కథంతటిలో ఎక్కువ గౌరవం ఆ నాలుగు పేజీల మీదే. వాళ్ళ ప్రశ్న చాలా మామూలుది: తూకం సరిపోయిందా? ప్రోటీన్లను జెల్‌లో పరుగెత్తిస్తే బరువును బట్టి విడిపోతాయి. ఈపీఓ గ్రాహకం లెక్కప్రకారం 56, 57 కిలోడాల్టన్లు ఉండాలి. సి-20 కణితి కణాల్లో పట్టుకున్నవి 35, 66, 100 కిలోడాల్టన్ల దగ్గర ఉన్నాయి. ఈ తేడా అంతకుముందు పేపర్ల బొమ్మల్లోనూ అందరి కళ్ళెదుటే ఉంది. 66 దగ్గరున్న ప్రోటీన్‌ను జెల్ నుంచి తీసి వరుస చదివితే అది హెచ్‌ఎస్‌పీ70 అని తేలింది. వేడి తగిలినా, విషం తగిలినా, ఏ ఒత్తిడి కలిగినా కణం ఎక్కువగా తయారుచేసుకునే రక్షణ ప్రోటీన్ అది. కణితుల్లో తరచు దండిగా ఉంటుంది. కణితులు గోధుమ రంగు ఎక్కడంలో వింత లేదు.

మరి ఇన్నేళ్ళూ ఎవరూ సరిచూడలేదా? చూశారు. సరిచూసే పద్ధతే మోసం చేసింది. పెప్టైడు పోటీ అని ల్యాబుల్లో చాలాకాలంగా ఉన్న పరీక్ష ఒకటుంది. కుందేలుకు ఎక్కించిన ఆ పెప్టైడునే ముందుగా యాంటీబాడీతో కలిపేస్తారు. యాంటీబాడీ చేతులు దానితో నిండిపోతాయి. అప్పుడు స్లైడు మీద రంగు రాకపోతే యాంటీబాడీ నమ్మదగిందని రాసుకుంటారు. సి-20 ఆ పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే హెచ్‌ఎస్‌పీ70లోనూ ఆ పెప్టైడును పోలిన వరుస ఉంది. గ్రాహకాన్ని పట్టుకునే చేతులే దాన్నీ పట్టుకుంటాయి. అవి నిండిపోతే రెండూ జారిపోతాయి. ఏ చేత్తో పట్టుకుందో ఈ పరీక్ష చెబుతుంది గాని, ఎవరిని పట్టుకుందో చెప్పదు. ఎవరిని పట్టుకుందో తెలియాలంటే ఆ జన్యువునే తీసేసిన కణాలు కావాలి. జన్యువు లేని కణంలోనూ రంగు వచ్చిందా, ఆ రంగు గ్రాహకానిది కాదు.

ఈపీఓ అమ్మే కంపెనీయే ఈ మాట చెప్పిందని అనుమానపడ్డవారు లేకపోలేదు, పడడం న్యాయమే. కానీ సీసా అప్పట్లో అందరికీ దొరికేది. జెల్ ప్రతి ల్యాబులోనూ ఉంటుంది. చెప్పినవారి లాభనష్టాలతో పనిలేకుండా ఎవరైనా చేసి చూసుకోగల పరీక్ష అది. దాని బలం అక్కడుంది. ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాలి. రంగు తప్పయినంత మాత్రాన ఆ రోగులకు జరిగిన నష్టం తప్పు కాదు. ట్రయల్స్‌లో మరణాలు యాంటీబాడీ లెక్కపెట్టినవి కావు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఈపీఓ రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పును పెంచుతుందన్నది రుజువైన సంగతి. కణితి మీద గ్రాహకం పనిచేస్తుందా అన్న వాదం మాత్రం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

2010లో ఎలియట్ బృందం ఎ82 అనే కొత్త మోనోక్లోనల్, అంటే అంతా ఒకే రకమైన, యాంటీబాడీని తెచ్చింది. అతి కొద్దిగా ఉన్న గ్రాహకాన్నీ అది పట్టగలదని చూపించారు. దానితో వెతికితే చాలా కణితి కణాల్లో గ్రాహకం లేదు, లేదా కనీకనిపించనంత కొద్దిగా ఉంది.

సి-20 ఒక్కదాని కథే అయితే ఇంత రాయనక్కరలేదు. 2023లో YCharOS అనే బృందం 65 మానవ ప్రోటీన్లకు అమ్ముతున్న 614 యాంటీబాడీలను, జన్యువు తీసేసిన కణాలను పక్కన పెట్టుకుని, వరసగా పరీక్షించింది. వాటిలో సగానికి పైగా కనీసం ఒక వాడకంలో విఫలమయ్యాయి. విఫలమైన యాంటీబాడీతో వచ్చిన పేపర్లు సగటున ప్రోటీన్‌కు 12 తేలాయి. ఆ ఫలితాలు చూసి, విఫలమైనవాటిలో సుమారు 20 శాతాన్ని కంపెనీలు అమ్మకం నుంచి తీసేశాయి. ఇంకో 40 శాతానికి సిఫారసు చేసే వాడకాలు మార్చాయి. పాత పేపర్లకు అలా చేసేవారు లేరు. సి-20తో తీసిన బొమ్మలున్న ప్రతి పేపరుకూ 2006 నాటి ఆ నాలుగు పేజీలను జతచెయ్యడం పత్రికలకు పెద్ద పనేమీ కాదు. ఆ బొమ్మలను నమ్మి కొత్త పరిశోధన మొదలుపెట్టే విద్యార్థికి అంతమాత్రం బాకీ ఉన్నారు వాళ్ళు.