రజోనివృత్తియుఁ బ్రౌఢాశబ్దార్థమును

తెలుఁగున స్త్రీల నడివయసునుగూర్చి చెప్పు మాటలు పెక్కులు ‘ఉడుగు’ ధాతువునందే చిక్కుకొని యున్నవి. వాన యుడిగెను, గాలి యుడిగెను అన్నప్పుడు వానయు గాలియు నిలిచిన వని మాత్రమే యర్థము. వాన యుడిగినంతనే చెఱువును నింకిన దని యెవ్వరును దలంపరు. స్త్రీవిషయమున నిట్లు గాదు. ‘ముట్లుడిగిన’ దన్న మాట కొంతదూరము పోవునప్పటికి ‘వయసుడిగిన’ దగును; ఆ పిమ్మట నెవ్వరును నోటితోఁ జెప్పకయే ‘కోరిక యుడిగిన’ దగును. క్రియ యొక్కటియే, కర్త మాఱిపోయినది. మాఱిన దని యెవ్వరికిని దోఁపకుండుటయే యిందలి చిక్కు.

సంస్కృతమున ‘రజోనివృత్తి’ యను పద మింకను స్పష్టము. రజస్సుయొక్క నివృత్తి యని షష్ఠీతత్పురుషము. ని-పూర్వక మైన వృతు ధాతువునకుఁ గ్తిన్ ప్రత్యయము రాఁగా నివృత్తి యయ్యెను. కృద్యోగమున వచ్చిన యీ షష్ఠి కర్తృవాచకము. నివర్తించునది రజస్సు. రతి యీ సమాసమునఁ బూర్వపదమును గాదు, ఉత్తరపదమును గాదు. దాని నధ్యాహరించుటకుఁ దగిన యాకాంక్షయు లేదు. లేని పదమును దెచ్చి చేర్చి యర్థము చెప్పిన విద్యార్థిని బండితుఁడు మందలించును. అదే తప్పు గృహములలో నిత్యమును జరుగుచుండఁగా, దానివలన నొక స్త్రీ పదియేండ్లు బాధపడుచుండఁగా, మందలించువాఁడు లేఁడు.

ఇందుకు శాస్త్రప్రమాణమే కల దని పూర్వపక్షులు చెప్పుదురు. సుశ్రుతాచార్యుఁడు శారీరస్థానమునఁ దృతీయాధ్యాయమందు 12వ యేఁట మొదలైన రజస్సు 50వ యేఁట క్షయించు నని చెప్పి, అట్టివారి శరీరమునకు ‘జరాపక్వ’ మను విశేషణము నిచ్చెను. వాగ్భటుఁడును అష్టాంగహృదయమున నీ యవధులనే గ్రహించెను. జరచేఁ బక్వ మైన శరీరమునకు శృంగార మేల యని వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు సుశ్రుతుఁడే సమాధానము చెప్పి యున్నాఁడు. ఆ సంహితయందే సూత్రస్థానమున వయోవిభాగము చేయుచు 16 ఏండ్లవఱకు బాల్యము, అటుపిమ్మట 70 వఱకు మధ్యవయస్సు, ఆపైనిదే వార్ధక మని యతఁడు నిర్ణయించెను. మధ్యవయస్సులో 40 దాటినపిదప ధాత్వింద్రియబలములు కొంచెము కొంచెముగాఁ దగ్గు నని చెప్పెను గాని, తగ్గుట మొదలైనవానిని వృద్ధు లని యనలేదు. కావున నాతని లెక్కనే రజఃక్షయము వార్ధకమునకు 20 ఏండ్లు ముందుగా సంభవించుచున్నది. పక్వశబ్దమునకుఁ బండిన దని యర్థము గాని రాలిన దని గాదు గదా. వరుసగా 12 మాసములు రజస్సు కనఁబడకున్నచో నివృత్తి సిద్ధించిన దని నేఁటి వైద్యు లందురు. పెక్కండ్రకు 45 మొదలు 55 ఏండ్లలోపల నిది కలుగును. భారతస్త్రీలకు సగటున 46, 47 ఏండ్లు. సుశ్రుతుని యవధికిని దీనికిని నంతర మత్యల్పము.

ఇఁక ‘ప్రౌఢ’. ఇది పాఠశాలలలో నిత్యము వినవచ్చు శబ్దమే యైనను దీని నిష్పత్తిని నిలిచి చూచువారు తక్కువ. వహ ధాతువునకుఁ గ్త ప్రత్యయము రాఁగా సంప్రసారణాదికార్యములచే ‘ఊఢ’ సిద్ధించును. ‘ప్ర’ యను నుపసర్గకు నది పర మైనప్పుడు గుణము వచ్చి ‘ప్రోఢ’ కావలసి యుండఁగా, వార్తికకారుఁడు ప్రత్యేకవచనముచే వృద్ధిని విధించెను. లెస్సగా వహింపఁబడినది, నిండుగాఁ బెరిగినది యని యర్థము. స్త్రీవాచకముగా దీనికి 30 మొదలు 55 ఏండ్లవఱకుఁ గల వయస్సును జెప్పుట కామశాస్త్రసంప్రదాయము. తెలుఁగు నిఘంటువులును దాని ననుసరించినవి. సుశ్రుతుని 50ను, నేఁటి వైద్యుల 46ను ఈ యవధులలోనే యిమిడి యున్నవి. అనఁగా రజస్సు నిలిచిన స్త్రీ కోశప్రమాణముచేఁ బ్రౌఢయే గాని వృద్ధ గాదు. వృద్ధయే యనుకొన్నను నష్టము లేదు: వృధు ధాతువునకు వృద్ధియే యర్థము. వయోహానిని జెప్పునది జౄష్ ధాతువు; దానివలనఁ బుట్టినది ‘జీర్ణ’. రెంటిని నొక్కటిగాఁ జేసినది లోకవ్యవహారము.

ఆలంకారికు లీ విషయమున నేకవాక్యత గలవారు గారు. ధనంజయుఁడు దశరూపకమునఁ బ్రగల్భను యౌవనముచేఁ గన్నుగానని దానినిగాఁ జెప్పెను, కాదన వలనుపడదు. కాని భానుదత్తుఁడు రసమంజరియందుఁ బ్రగల్భకు వయస్సును లక్షణముగాఁ జెప్పక, పతివిషయకమైన కేళీకళలయందలి పాండిత్యమునే చెప్పెను. పాండిత్యము 50వ యేఁట నశించు నని యే శాస్త్రమునందును లేదు.

తెలుఁగున నీ ప్రౌఢను గావ్యమధ్యమున నిలిపినది ముద్దుపళని. తంజావూరిలోఁ బ్రతాపసింహుని (1739–1763) యాస్థానమునందుండిన యీ కవయిత్రి రచించిన రాధికాసాంత్వనమున నిళాదేవి నవవధువు. రాధ యామెను బెంచి, పెండ్లి చేసి, పతియొద్ద మెలఁగవలసిన తీరును బోధించి పంపిన పెద్దది. పంపినపిదప విరహమున వేఁగునదియు నామెయే. సాధారణముగాఁ గావ్యములందుఁ బెద్దవయసుది దూతికగానో ధాత్రిగానో మిగిలిపోవును. ఇచటఁ గావ్యమునకుఁ బేరే యామెవలన వచ్చినది; నాయకుఁడు సాంత్వనము చేయవలసిన దామెకు. ఇట్టి మాటలు స్త్రీ నోట రాఁదగవని వీరేశలింగము పంతులవారు నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో గ్రంథమును బరిష్కరించి ప్రకటించుచు, సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని యడిగెను. అటుపిమ్మటఁ బ్రభుత్వము గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులు మదరాసు ప్రధానిగా నుండిన కాలమున (1946–47) నా నిషేధము తొలఁగెను. అశ్లీలతావివాదమునఁ బడి, రాధ వయస్సునుగూర్చిన విచారము వెనుకఁ బడినది.

స్త్రీకి సుఖ మెట్టి దను ప్రశ్నను వాత్స్యాయనుఁడు సాంప్రయోగికాధికరణారంభముననే యెత్తికొనెను. పురుషునకుఁ గలుగునట్టి భావప్రాప్తి స్త్రీకి లేదని యౌద్దాలకి మతము. ఆరంభమునుండియు నామెకు సుఖ మవిచ్ఛిన్న మని బాభ్రవ్యుల మతము. ఇరువురును నొకజాతివారే కావున సుఖమునందు భేదము లేదని వాత్స్యాయనుఁడు సిద్ధాంతము చేసి, స్త్రీకే ముందుగా సుఖము కలుగునట్లు పురుషుఁడు మెలఁగవలె నని చెప్పెను. ఈ సిద్ధాంతమునకు హేతువు జాతి. రజస్సు గాదు, సంతానసామర్థ్యమును గాదు. పిమ్మటి కామశాస్త్రకారులు మన్మథచ్ఛత్ర మని పేరిడిన యవయవమొకటి కలదు. గర్భధారణకుఁ గాని ప్రసవమునకుఁ గాని దానితోఁ బని లేదు. స్త్రీకి సుఖము ముఖ్యముగా దానివలననే కలుగును. సంతానమునకుఁ బనికిరాని యవయవము సంతానకాలముతో నేల ముగియవలయును?

ఇంతమాత్రమున శరీరమున మార్పులే లేవన రాదు. ఉన్నవి, వానిని దాఁచుటవలననే బాధ హెచ్చుచున్నది. స్త్రీశిశువు పుట్టునప్పటికే యండాశయములయందు బీజకోశములు పరిమితసంఖ్యగా నుండును. అవి తఱిఁగిపోఁగా ఈస్ట్రోజన్ అను రసము స్రవించుట తగ్గును. నివృత్తికిఁ గొన్నియేండ్లు ముందునుండియే రజస్సు క్రమము తప్పును. ఒడల నుండియుండి వేఁడి యావిరులు పుట్టును, రాత్రుల నిద్ర చెదరును. నిద్రలేనివారికిఁ గోరిక తగ్గుట వింత గాదు. దానిని విరక్తి యని పేర్కొనుటయే వింత. యోనియందలి లోపొర పలుచనై పొడిగా నగును. అచటికి రక్తప్రసారము తగ్గును. సాగు గుణము సన్నగిల్లును. యౌవనమున నిమిషములోపలఁ గలిగిన యార్ద్రత కిప్పుడు కొన్ని నిమిషములు పట్టును. ఆ నిమిషముల నీయని పతివలన స్త్రీకి నొప్పియు, ఒక్కొకప్పుడు రక్తస్రావమును గలుగును. ఒకమాఱు నొప్పి కలిగిన శరీరము రెండవమాఱు ముందుగానే బిగుసుకొనును. భార్యకు విముఖత కలిగిన దని భర్తయు, తనకు వయసు మీఱిన దని భార్యయు ననుకొని మిన్నకుందురు. వేఁడి యావిరులు కొన్నియేండ్లకుఁ దామే చల్లాఱవచ్చును గాని, యీ పొడిదనము చికిత్స లేక సాధారణముగాఁ దీఱదు, పోనుపోను హెచ్చును. మూత్రమున మంటయు, మాటిమాటికి మూత్రరోగములును దీనికి దోడగును.

ఈ లక్షణములకు వైద్యులు మునుపు వాడిన యాంగ్లనామమునకు యోనిక్షీణత యని తాత్పర్యము. 2014లో దానికి మాఱుగా, జననమూత్రావయవములలక్షణసముదాయ మను నర్థముగల క్రొత్తపేరు నేర్పఱచిరి. పాతపేరు మూత్రబాధలను దెలుపకుండుటయు, రోగిణులకుఁ బలుకుటకు సిగ్గుగా నుండుటయు నిందుకుఁ గారణములు. పేరు సరిగా లేకున్న రోగము నోట రాదని వైద్యులకును దెలిసినది.

మార్పు లిన్ని యున్నను సుఖశక్తి నశింపదు. అమెరికాదేశమున మాస్టర్సు, జాన్సను అను పరిశోధకులు 1966లోఁ బ్రకటించిన గ్రంథమున, వయస్సు మీఱినకొలఁది యార్ద్రత యాలస్యముగాఁ గలుగు ననియు, సుఖాంతమందలి స్పందములు సంఖ్యయందుఁ దగ్గు ననియుఁ జూపుచునే, సుఖాంతమును బొందు శక్తి స్త్రీలకు వార్ధకమునను నిలిచియుండు నని నిరూపించిరి. గర్భభీతి తొలఁగుటవలనఁ గొందఱికిఁ గోరిక హెచ్చుటయుఁ గలదు. మఱికొందఱికిఁ దగ్గును; దానివలన వారికి వ్యథ లేనిచో నది రోగము గాదు. రజస్సు నిలిచినను రతి యుండవచ్చు ననుట యనుజ్ఞయే గాని విధి గాదు. విధిగాఁ దలఁచి బలవంతపెట్టు భర్తకు వాత్స్యాయనునియందుఁ జోటు లేదు.

తెలుఁగుదేశమున నీ విషయమునకు మఱియొక ముఖము కలదు. 2015–16 నాఁటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, 15 మొదలు 49 ఏండ్లలోపలి స్త్రీలలో గర్భాశయమును దీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 వంతు కాఁగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7 గా లెక్కకు వచ్చిరి. గర్భాశయముతోడ నండాశయములను గూడఁ దీసినచో, ఏండ్లమీఁద మెల్లఁగా రావలసిన మార్పు లాకస్మికముగా వచ్చి మీఁదఁబడును. అండాశయముల నుంచినను నివృత్తి కొంత ముందుగా వచ్చుట కలదు. ముప్పదియైదేండ్ల స్త్రీ, కోశప్రమాణమునఁ బ్రౌఢావస్థయందు నిప్పుడిప్పుడే యడుగిడినది, శస్త్రచికిత్సచే నుడిగినవారిలోఁ జేరిపోవుచున్నది. ‘సంచి తీయించుకొంటి’ నని యామె చెప్పును; సంచితోడ నేమేమి తీసిరో పలువురకుఁ దెలియదు. ఆ సంగతి కాగితమున వ్రాయించి యుంచుకొనుట మేలు.

చికిత్స కష్ట మైనది గాదు. నీటితోఁ జేసిన స్నిగ్ధలేపనములు నొప్పిని వెంటనే తగ్గించును. కొబ్బరినూనె మొదలగునవి రబ్బరు తొడుగులను జెఱుచును గావున నవి వాడువా రెఱుఁగవలయును. 50 దాటినవారు రజస్సు నిలిచినపిమ్మట నొక్కయేఁడును, అంతకుఁ జిన్నవారు రెండేండ్లును గర్భనిరోధము మానరాదు. లేపనములు చాలనిచో ఈస్ట్రోజన్‌ను స్వల్పమాత్రగా లోపల నుంచు లేపములును గుళికలును గలవు. అందు రక్తమునఁ గలియునది మిక్కిలి తక్కువ. స్తనమునఁ బుట్టకురుపు వచ్చినవారు మాత్రము తమ వైద్యుని విచారింపక వానిని వాడరాదు. నివృత్తి యైనపిమ్మట నెప్పుడు రక్తము కనఁబడినను, ఒక్కచుక్క యైనను, పరీక్ష చేయించుకొనవలయును.

మహాభాష్యమున నొక వృద్ధకుమారి కథ కలదు. వరము వేఁడు మని యింద్రుఁ డనఁగా నామె, తన కొడుకులు కంచుపాత్రమునఁ బాలును నేయియు మెండుగాఁ గల యన్నమును భుజింపవలె నని కోరెను. ఒక్కవాక్యముననే పతియు, పుత్రులును, గోవులును, ధాన్యమును నన్నియు సంగ్రహింపఁబడిన వని వైయాకరణులు దీనిని న్యాయముగాఁ జేసికొని వినోదింతురు. ఆ వాక్యమునఁ బతివాచకము లేదు; వినువాఁడే గ్రహింపవలయును. నేఁడు వైద్యునియెదుటఁ గూర్చుండు నేఁబదియేండ్ల యిల్లాలును నిట్లే నిద్ర పట్టుట లేదనియో, మూత్రమున మంట యనియో, నడుము నొప్పి యనియో చెప్పును. ఆమెతోడ వచ్చిన కోడలిని వెలుపలఁ గూర్చుండఁబెట్టి, తలుపు దగ్గఱగా వేసి, కలయికయందు బాధ యున్నదా యని వైద్యుఁడే ముందుగా నడుగవలయును.