మేతభూమి మూస్తే ఎవరి మేకకు ఆకలి?

చీపురుపల్లి చుట్టుపక్కల ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. అయినా ఎండాకాలం వచ్చేసరికి మెట్టల మీద గడ్డి పరక వుండదు. ఏడాది పొడుగునా పశువులు తొక్కిన ఎర్రనేల గట్టిపడి నీటిని పీల్చదు. వాన నీరు పైమట్టిని కోసుకుంటూ గెడ్డలోకి దిగిపోతుంది.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. మేతభూమిని మూడు నాలుగు ముక్కలు చేసి, ఏటా వొక ముక్కని వానాకాలమంతా మూసెయ్యాలి. గింజ రాలాక గడ్డి కోసి మోసుకెళ్ళాలి. వాలుకి అడ్డంగా కందకాలు తవ్వితే నీరు ఇంకుతుంది. వొక్కరు మూస్తే పక్కవాళ్ళ మంద వచ్చి పడుతుంది, కాబట్టి వూరంతా కలవాలంటారు.

వూరంతా అంటే ఎవరు? ఇంకిన నీరు తేలేది పల్లంలో, పొలమున్న ఆసామి బావిలో. మూసిన మెట్ట మీద మేసేది వాడలోని మేకలు. ఆసుపత్రికైనా అప్పుకైనా భూమిలేని ఇల్లాలు అమ్ముకునేది ఆ మేకనే. మట్టి పోవడానికి మేకే కారణమని తేల్చేవాళ్ళు, ఈ ప్రాంతంలో వందేళ్ళకు పైగా సాగిన మాంగనీసు తవ్వకాల గురించి అంత గట్టిగా మాట్లాడరు!

1948 చట్టంతో జమీందారీ పోయింది. తర్వాత డి-పట్టాల కింద దళితులకు దక్కినవాటిలో చాలా భాగం ఇలాంటి రాళ్ళ మెట్టలే. అలాంటి భూముల్ని ఏం చెయ్యొచ్చో జహీరాబాదు ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు చూపించాయి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి గట్లు వేసి, పెంట తోలి, జొన్నతో పప్పుధాన్యాలు కలిపి పండించారు. గింజ మనిషికి, చొప్ప పశువుకి.

మేత మూసే చోట కావాల్సిన షరతు మాత్రం హర్యానాలోని సుఖోమాజ్రి నుంచి నేర్చుకోవాలి. 1970ల చివర అక్కడ కొండ మీద పశువుల్ని విడవడం మానుకున్నందుకు బదులుగా, భూమిలేని ఇంటికి కూడా చెరువు నీటిలో వాటా యిచ్చారు. అక్కరలేనివాళ్ళు ఆ వాటాని అమ్ముకునే వీలుండేది. అందుకే కంచె లేకుండానే కొండ పచ్చబడింది.

మన దగ్గర కందకానికి గునపం వెయ్యకముందే మూడు సంగతులు గ్రామసభ పుస్తకంలో రాయించాలి: మేకలున్న ఇళ్ళ పేర్లు, ఆ ఏడు వాటికి వదిలే ముక్క, కోసిన గడ్డిలో వాడ వాటా. సంతకాలు మెట్ట కిందే, మేకలు మేపే ఆడవాళ్ళ ఎదుటే జరగాలి.