పుచ్చుకొనే చేయి

అడుగనిదే అమ్మయినా పెట్టదంటారు మన పెద్దలు. అడగటం మనందరికీ వచ్చిన విద్యే. గుడికి పోయినా, చర్చికి పోయినా మన కోరికల పట్టీ సిద్ధంగానే వుంటుంది. పిల్లవాడికి కాలేజీలో సీటు, అమ్మాయికి మంచి సంబంధం, అల్లుడికి వీసా, మోకాలి నొప్పికి ఉపశమనం. ఇందులో తప్పేమీ లేదు. కన్నతండ్రిని కాక మరెవరిని అడుగుతాము? కాని అడిగినది వచ్చినప్పుడు దానిని గుర్తుపట్టి పుచ్చుకోవటం మనకు చేతనవునా అన్నదే అసలు ప్రశ్న.

క్రైస్తవ విశ్వాసంలో దీవెన అన్నది కూలి కాదు, వరం. కూలి అయితే వేళ ప్రకారం, లెక్క ప్రకారం వస్తుంది. వరమో, ఇచ్చేవాడు తనకిష్టమైన వేళ, తనకిష్టమైనవారి చేతికిచ్చి పంపుతాడు. దానిని అందుకోవాలంటే చేయి చాచటం ఒక్కటే చాలదు. ఫలానా వేళకే, ఫలానావారి ద్వారానే రావాలని మనం బిగించుకున్న పిడికిలిని ముందు విప్పాలి. ఇది చెప్పినంత సులువు కాదు. భక్తులకు, బోధకులకు కూడా సులువు కాలేదు. ఆ కథకు సాక్ష్యం మన చెన్నపట్నం నడుమనే వున్నది.

బకింగ్‌హాం కాలువను నేడు దాటేటప్పుడు ముక్కు మూసుకోనివారుండరు. మైలాపూరు ప్రాంతంలో దాని వెంటనే రైలు స్తంభాలు లేచినవి. కాని మన తాతల కాలంలో తెలుగుదేశం నుంచి బియ్యం, వంటచెరకు పడవల మీద పట్నం చేరిన దారి అదే. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసిన కరవులో, పని కల్పించి ప్రాణాలు నిలపటానికి ప్రభుత్వం ఆ కాలువలో కొంత భాగాన్ని తవ్వించింది. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. ఒంగోలు దాపున సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు పుచ్చుకున్నవాడు కంట్రాక్టరు కాడు. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. మన ప్రాంతంవారు క్లౌ దొర అనేవారు. వయసులో సర్వే పని నేర్చినవాడు కనుక గొలుసు పట్టి కొలవటం ఆయనకు కొత్త కాదు.

ఆయన రాకకు ముందొక కథ వున్నది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి, ఆ ఊరికొక బోధకుని పంపమని ప్రార్థించారు. కొండ దిగేసరికి ఏమీ జరగలేదు. ఏడాది తిరిగినా జరగలేదు. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టేసరికి 1866 వచ్చింది. పన్నెండేళ్లు! ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు. అడిగిన వేళను అడిగినవారి చేతిలో వుంచకపోవటం దేవుని అలవాటు కాబోలు.

వచ్చిన క్లౌ దొర మాత్రం ఏమి కోరుకున్నాడు? అగ్రకులాలవారు ముందు విశ్వసిస్తే తక్కినవారు వారి వెనుక నడుస్తారని ఆయన ఆశ. వారి పిల్లలకు బడి పెట్టాడు. కాని మొదట వచ్చినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు. గురువులను ఆశ్రయించి యోగమార్గంలో వెతుకుతూ వున్నవాడు. 1866లో బాప్తిస్మం పొంది తనవారికి ఆ మాట చెప్పుకుంటూ ఊరూరా తిరిగాడు. అతని వెనుక అతని కులంవారు వచ్చారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలను బడికి పంపమని ఊరి పెద్దలు ఖండితంగా చెప్పారు. దొర సందిగ్ధంలో పడి బైబిలు తెరిస్తే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం కనబడింది. లోకం ఎన్నిక చేయనివారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగమది. వేరే గదిలో ఆయన భార్య హారియెట్ తెరిచిన పుటలోనూ అదే భాగమట. ఆ సంగతి ఆయనే తన జీవితకథలో చెప్పుకున్నాడు. బడి మూతపడింది, తలుపు మాత్రం మూయలేదు.

ఇవ్వటానికి సముద్రాలు దాటి వచ్చానని ఆయన అనుకుని వుంటాడు. ముందు నేర్చవలసి వచ్చింది పుచ్చుకోవటం. తాను ఎదురుచూచిన వాకిట కాక వేరే వాకిట వచ్చి నిలిచినవారిని దేవుడు పంపిన కానుకగా పుచ్చుకోవటం.

పదేళ్లకు కరవు వచ్చింది. కాలువ పనికి వేలమంది చేరారు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా వుండి పని చేయించారు. పగలంతా మట్టి మోసినవారు సాయంత్రం కూర్చుని వాక్యం విన్నారు. ఎందరో బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వలేదు! సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదు. వచ్చినవారి మనసులో కూడా రెండూ కలిసిపోకూడదు. లెక్కలు పెంచుకునే అవకాశం వాకిట నిలబడితే వద్దన్నాడు.

1878లో ఆ సహాయం ముగిసింది. పంచటానికి ఇక రొక్కం లేదని దొర చెప్పి పంపాడు. అయినా జనం వచ్చారు. తమకు సొమ్ము అక్కరలేదని, కాలువ మట్టి తవ్వి కాయలు కాచిన చేతులు చూపి, మళ్లీ పంట పోతే క్రైస్తవులుగానే చావనిమ్మని అడిగారు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచారు. దొర స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు.

కాయలు కాచిన ఆ చేతులే మనం జ్ఞాపకం వుంచుకోవలసినవి. పుచ్చుకోవటమంటే బిచ్చమెత్తటం కాదు, సోమరితనమూ కాదు. శాయశక్తులా పాటుపడిన తరువాత కూడా, నా పాటుకిది బదులు కాదని ఒప్పుకొని చేయి విప్పటం. కొండ మీద ప్రార్థించిన జ్యూయెట్ ఆ 1878లోనే చెన్నపట్నం వచ్చి ఇక్కడి తెలుగువారి నడుమ పని మొదలుపెట్టాడు. ఆ కాలువ కథ మన ఊరికి పరాయిది కాదు.

మూడు నాలుగు తరాలుగా ఇక్కడ స్థిరపడినవాళ్లం మనం. పండుగకు బట్టలు పంచుతాము, చందాలు ఇస్తాము. పెట్టే చేయి మనకు అలవాటే. పుచ్చుకొనే చేయే కొంచెం బిరుసెక్కింది. 2015 డిసెంబరు వరదల్లో ఈ నగరంలో ఎందరు మేడలమీదివారు జాలరుల పడవలెక్కి ప్రాణాలు దక్కించుకోలేదు? ముక్కూ మొగమూ తెలియనివారిచ్చిన పొట్లం విప్పి ఎందరు ఆకలి తీర్చుకోలేదు? ఆనాడు ఎవరూ ఇచ్చినవాడి కులం, భాష అడగలేదు. నీళ్లు తీసిన తరువాత కూడా ఆ గుణం నిలిస్తే అదే పెద్ద దీవెన.

పిడికిలి ఒక్కనాటితో వదలదు, వాడుకతో వదలవలసినదే. ఇంట్లో కుటుంబ ప్రార్థన వేళ కోరికల పట్టీ చదివిన తరువాత కాసేపు ఊరకుండి చూద్దాము. ఆ రోజు మనకు ఏమి అందినదో, ఎవరి చేతి మీదుగా అందినదో పిల్లల చేత చెప్పిద్దాము. పనిమనిషి చెప్పిన మంచిమాట, కోడలు దిద్దిన తప్పు, ఎదురింటి తమిళ మామి తెచ్చి ఇచ్చిన రసం, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తవి. మన కోరికలో లేని వరాలు ఎన్ని వచ్చి వెళ్లినవో అప్పుడు తెలుస్తుంది.

ఆదివారం నాడు ఎన్నో చర్చీలలో ప్రభు భోజనం వేళ విశ్వాసులు మోకరించి, ఒక అరచేతి మీద మరొక అరచేయి వుంచి చాపుతారు. జడ్జీగారైనా, ఆయన కారు తోలే డ్రైవరైనా అక్కడ చాపేది వట్టి చేతులే. పిడికిలి పట్టుకొని వచ్చినవాడికి అక్కడ రొట్టె పెట్టటానికి చోటుండదు.