శీతలపేటికయందలి ఉష్ణనియామకము



పశువులతొట్టిని నింపు పాలేరు నొకమారు తలచుకొనుడు. పశువు గ్రుక్కెడు నీరు త్రాగినప్పుడెల్ల వాడు చెంబు పట్టుకొని పరుగెత్తడు. నీరు క్రిందిగీతకు దిగినపుడు తోడ నారంభించి, పైగీతకు వచ్చినంతనే మానును. వాడుకలో ఫ్రిజ్ అనబడు శీతలపేటికలోని ఉష్ణనియామకము, అనగా థర్మోస్టాటు, ఇట్టి పాలేరే. సామాన్యముగా దానికి తెలిసిన యాజ్ఞలు రెండే: నడువుము, ఆగుము. మెల్లగా ననియు, వడిగా ననియు చెప్పుట దానికి తెలియదు.

అది పనిచేయు విధము వినుడు. అనేక పేటికలలో సన్నని లోహపుగొట్ట మొకటి యుండును. దాని యొక కొన చలిభాగమునందును, రెండవ కొన కొలిమితిత్తిని బోలిన చిన్న లోహపుతిత్తియందును చేరి యుండును. లోపల వాయువు నిండి యుండును. పేటిక వెచ్చబడగా వాయువు వ్యాకోచించి తిత్తి ఉబ్బును; ఆ తిత్తి మీటను నెట్టి విద్యుత్తును కలుపును; యంత్రము నడచును. చల్లబడగా తిత్తి ముడుచుకొనును, విద్యుత్తు తెగును.

6 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కలిపి, 3 డిగ్రీల వద్ద తెగునట్లు అమర్చిరనుకొందము. ఈ యెడము లోపము కాదు. ఇది లేకున్న యంత్రము క్షణక్షణము నడచుచు నాగుచు నుండును. బయలుదేరునపుడు మోటారు మామూలుకంటె అనేకరెట్లు విద్యుత్తు గ్రహించును గనుక, అది కాగి త్వరలో చెడును.

ఇందు మనము ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. ఆరోగ్యకేంద్రములలో టీకామందులను 2 మొదలు 8 డిగ్రీలలోపల నుంచవలెను. విద్యుత్తు పోయి వచ్చిన పిమ్మట, పేటిక త్వరగా చల్లబడునని యెవరైన తిరుగుడుబిళ్లను కడవరకు త్రిప్పిరనుకొనుడు. యంత్ర మదివరకే పూర్ణబలముతో నడచుచున్నది. త్రిప్పినందున బలము పెరుగదు. మారునవి గీతలు మాత్రమే. 3 డిగ్రీల వద్ద ఆగవలసినది ఆగక, రాత్రివేళ సున్నకు దిగువకు పోవచ్చును. ధనుర్వాతము, కోరింతదగ్గు, హెపటైటిస్ బీ అను కామెర్లు, వీనిని వారించు టీకాలు గడ్డకట్టినచో గుణము చెడును. కరిగించినను ఆ గుణము మరల రాదు. సూది వేసితిమని తల్లి నిశ్చింతగా నుండును గాని, బిడ్డకు తగిన రక్షణ కలుగదు.

కావున మీ గ్రామపు ఆరోగ్యకేంద్రమున ఆ బిళ్లను ఇతరులచే త్రిప్పనీయకుడు. తలుపును పలుమారు తెరువనీయకుడు. ఉష్ణమాపకమును దినమునకు రెండుమార్లు చూచి వ్రాయుచున్నారో లేదో విచారింపుడు. ఇంతమాత్రము శ్రద్ధ వహించినచో పసిబిడ్డలకు మేలు చేసినవారగుదురు.