ఇంట్లో చూసే సినిమా: పగ నేర్పుతున్నదా, క్షమ నేర్పుతున్నదా?



ఒకప్పుడు మన గడివేముల, పాణ్యం, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో సినిమా చూడాలంటే ఊరు దాటి టౌనుకు పోవలసి వచ్చేది. విశ్వాసుల పిల్లలు హాలు దగ్గర కనబడితే ఆ మాట ఆదివారంలోగా అయ్యగారి చెవిన పడేది. తరువాత పెండ్లిండ్లకు, పండుగలకు టీవీ, వి.సి.పి. అద్దెకు తెచ్చి తెల్లవార్లూ మూడు నాలుగు క్యాసెట్లు వేసే రోజులు వచ్చాయి. ఇప్పుడు హాలూ అక్కరలేదు, క్యాసెట్టూ అక్కరలేదు. మిరప కోతకు పోయి వచ్చిన తల్లి పొయ్యి దగ్గర ఉండగానే కొడుకు చేతిలోని సెల్లులో సినిమా నడుస్తుంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి గనుక అందులో ఏమి జరుగుతున్నదో ఇంట్లో రెండవవారికి తెలియదు.

అందుచేత "చూడవచ్చునా, చూడకూడదా" అనే పాత ప్రశ్న ఒక్కటే ఈనాటి కుటుంబానికి సరిపోదు. ఏది చూస్తున్నాము, ఎవరితో కలిసి చూస్తున్నాము, చూసిన తరువాత ఏమి మాట్లాడుకుంటున్నాము అని కూడా అడుగుకోవాలి. ఈ మధ్య మా ఇంట్లో కొన్ని సినిమాలను పిల్లలూ పెద్దలూ కలిసి చూశాము. కొన్ని కొత్తవి, కొన్ని చాలా పాతవి. అన్నిటినీ ఒకే కొలతతో కొలిచాము. ఒకరు అన్యాయం చేసినప్పుడు ఏమి చేయాలని ఈ సినిమా చెబుతున్నది? పగ తీర్చుకోమంటున్నదా, క్షమించమంటున్నదా?

ఈ కొలతనే ఎందుకు ఎంచుకున్నామో మన ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మన సీమ పేరు మీద

1999 జనవరిలో 'సమరసింహారెడ్డి' విడుదలైంది. ఆ తరువాత 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' వచ్చాయి. 2003లో వచ్చిన 'ఒక్కడు'లో కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతా చూసింది. ఈ వరుసలో ఎన్నో సినిమాలు మన సీమ ఫ్యాక్షన్ కథలుగా పేరు పొందాయి. ఇప్పటికీ టీవీల్లో, సెల్లుల్లో అవి తిరుగుతూనే ఉన్నాయి. చదువుకోసం హైదరాబాదు వెళ్ళిన మన పిల్లలను హాస్టల్లో తోటివారు "మీ ఊళ్ళో బాంబులు చుడతారంట గదా" అని అడగడానికి ఈ సినిమాలు కొంత కారణం.

వీటిలో పాటలు బాగుంటాయి, నటుల శ్రమ కనబడుతుంది. దానిని కాదనలేము. అయితే వాటి న్యాయం ఒక్కటే. మనవాడిని చంపినవాణ్ణి చంపితేనే చనిపోయినవాడికి శాంతి. హీరో కత్తి ఎత్తితే హాలంతా ఈలలు వేస్తుంది, ఇంట్లో పిల్లవాడు మంచం మీద లేచి నిలబడతాడు. ఆ తరువాత జరిగేది మాత్రం సినిమా చూపించదు. బీడు పడిన పొలం, వాయిదాల కోసం అమ్ముకున్న ఎద్దులు, భర్త జైల్లో ఉండగా కూలికి పోయే భార్య, బడి మానిన పిల్లలు ఆ కథలో ఉండరు. పగ తీర్చుకొనడం మన పని కాదు, దానిని దేవునికి విడిచిపెట్టండి అని అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన మాట (రోమా 12:19) ఆ సినిమాలకు సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది.

మా అభిప్రాయం: పిల్లలు ఇవి ఇదివరకే చూసి ఉంటారు గనుక తిట్టి లాభం లేదు. "ఆ చనిపోయిన రౌడీకి కూడా ఇంట్లో పిల్లలు ఉండి ఉంటారు కదా, వాళ్ళు పెద్దయ్యాక ఏమి చేస్తారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. పిల్లలే ఆలోచనలో పడతారు.

ఐదు రూపాయల పగ

2018 అక్టోబరులో వచ్చిన 'అరవింద సమేత' కూడా ఫ్యాక్షన్ సినిమాయే. దీనికి త్రివిక్రమ్ దర్శకుడు, జూనియర్ ఎన్టీఆర్ కథానాయకుడు. కాని ఇది కొంచెం వేరుగా ఆలోచించింది. పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలైన తగవు రెండు ఊళ్ళను తరాలపాటు కాల్చినట్లు ఇందులో చూపించారు. తండ్రిని పోగొట్టుకొని కత్తి పట్టిన మనుమడిని ఇక ఆగమని చెప్పేది అతని జేజి. చంపడం చాతనైనవాడు గొప్పవాడా, ఆపగలిగినవాడు గొప్పవాడా అని కథ అడుగుతుంది. మగవాళ్ళ పంతానికి ఆడవాళ్ళు చెల్లించే వెల కూడా ఇందులో కనబడుతుంది.

అయినా ఇందులో రక్తం చాలా ఉన్నది. శాంతి గురించి మాట్లాడుతూనే కథ చివరికి కత్తి దగ్గరికే వెళుతుంది. కాబట్టి పన్నెండేళ్ళలోపు పిల్లలకు చూపించవద్దు. ఎదిగిన కొడుకులతో తండ్రులు కూర్చొని చూడదగినది. మా ఇంట్లో ఇది అయిపోయాక "ఐదు రూపాయలకా నాయనా?" అని పిల్లవాడు అడిగాడు. మన ఊళ్ళల్లో ఐదు రూపాయల కంటే చిన్నవాటికే మొదలైన తగవులు పెద్దలకు గుర్తుకు రాకపోవు.

మూలుగు బొక్క దగ్గర విడిపోయిన కుటుంబం

2023 మార్చిలో వచ్చిన 'బలగం' తెలంగాణ పల్లె కథ. వేణు ఎల్దండి దీని దర్శకుడు. ఒక ముసలాయన చనిపోతాడు. పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. ఆయన మనసులో తీరని బాధ ఏదో ఉన్నదని ఊరంతా అనుకుంటుంది. కొడుకులు, కూతురు, అల్లుడు ఏళ్ళ తరబడి మాటలు లేకుండా ఉన్నారు. ఆ తగవు మొదలైంది విందు భోజనంలో నల్లి బొక్క దగ్గర. మనము మూలుగు బొక్క అంటాము, అదే. వడ్డనలో జరిగిన చిన్న అవమానం ఇంటి ఆడబిడ్డను పుట్టింటికి దూరం చేసింది. చివర బుడగజంగాల పాట వింటూ ఆ కుటుంబం ఏడ్చి ఒకటవుతుంది.

ఆ సంవత్సరం తెలంగాణలో ఎన్నో ఊళ్ళల్లో తెరలు కట్టి, ఊరివారంతా కలిసి కూర్చొని ఈ సినిమా చూశారు. సినిమా చూసి అన్నదమ్ములు కలిసిన సంగతులు కూడా పత్రికల్లో వచ్చాయి.

పిండం, కాకి అనేవి మన విశ్వాసానికి చెందినవి కావు. చనిపోయినవారి శాంతి కాకి మీద ఆధారపడదని మన పిల్లలకు చెప్పాలి. ఆ మాట చెప్పి ఊరుకోవడం మాత్రం చాలదు. చనిపోయిన తరువాత కాకి కోసం ఎదురుచూసేవారు తమ తగవును తలచి ఏడుస్తుంటే, పునరుత్థానమును నమ్మే మనము బ్రతికి ఉన్న అన్నతో మాట్లాడకుండా సమాధి దగ్గర మాత్రం పక్కపక్కన నిలబడితే ఎవరి స్థితి మేలైనది? త్రాగుడు దృశ్యాలు కొన్ని ఉన్నాయి, దానిని దృష్టిలో పెట్టుకొని కుటుంబమంతా చూడవచ్చును.

తెర మీద సిలువ

1978లో వచ్చిన 'కరుణామయుడు' గురించి పెద్దవారికి పరిచయం అక్కరలేదు. ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వం, ప్రభువు పాత్రలో విజయచందర్. సిలువ మోసే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ వ్రాసిన పాట నేటికీ శుభ శుక్రవారం నాడు మన పల్లెల్లో వినబడుతుంది. ఇతర భాషల్లోకి కూడా దీనిని మార్చారు. హిందీలో 'దయాసాగర్' అనే పేరుతో ఎన్నో పల్లెల్లో తెల్లటి తెర కట్టి చూపించారు.

ఈనాటి పిల్లలకు దీని నడక నెమ్మదిగా తోస్తుంది. ఒకేసారి కాకుండా మూడు సాయంత్రాలుగా చూపించండి. చూపించాక లూకా 23:34 చదవండి. మేకులు కొట్టినవారి కోసమే తండ్రిని వేడుకున్న ప్రభువును, కత్తి ఎత్తిన హీరోను పిల్లలు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. వేరుగా ప్రసంగం అవసరం రాదు.

ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే 1959 నాటి 'బెన్ హర్' కూడా చూడవచ్చును. పదకొండు ఆస్కార్ బహుమతులు పొందిన చిత్రమిది. మూడున్నర గంటలు ఉంటుంది గనుక రెండు రోజులు పెట్టుకోండి. చిన్ననాటి స్నేహితుడే ద్రోహం చేసి బెన్ హర్‌ను ఓడలో బానిసగా పంపుతాడు, అతని తల్లిని, చెల్లిని చెరలో వేయిస్తాడు. అతడు తిరిగివచ్చి రథాల పందెంలో ఆ శత్రువును ఓడిస్తాడు. శత్రువు చనిపోతాడు. మన ఫ్యాక్షన్ సినిమా అయితే అక్కడే శుభం కార్డు పడేది. ఇక్కడ పడదు. శత్రువు పోయినా బెన్ హర్ కడుపులోని మంట ఆరదు. సిలువ దగ్గర నిలబడి ప్రభువు క్షమాపణ మాటలు విన్నప్పుడే అతని చేతిలోని కత్తి జారిపోతుంది. ప్రభువు ముఖాన్ని ఒక్కసారి కూడా చూపకుండా ఈ కథ చెప్పడం గమనించదగినది.

కథ కాదు, జరిగింది

'సమరసింహారెడ్డి' ఆడుతున్న ఆ 1999 జనవరిలోనే, 22వ తేదీ రాత్రి దాటుతుండగా, ఒరిస్సాలోని మనోహర్‌పూర్ గ్రామంలో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కుమారులను వారు నిద్రిస్తున్న జీపులోనే తగులబెట్టారు. పెద్దవాడు ఫిలిప్‌కు పదేళ్ళు, చిన్నవాడు తిమోతికి ఆరేళ్ళు. స్టెయిన్స్ 1965 నుండి బారిపదలో కుష్ఠురోగులకు సేవ చేసినవాడు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని లోకమంతటి ఎదుట చెప్పింది. కుమార్తెతో ఆ రోగుల మధ్యనే ఉండి సేవ కొనసాగించింది. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో వచ్చిన 'ద లీస్ట్ ఆఫ్ దీజ్' అనే సినిమా ఈ సంగతిని ఒక పత్రికా విలేకరి కంటితో చెబుతుంది. చిన్నపిల్లలకు చూపించవద్దు. పెద్దపిల్లలతో తప్పక చూడండి.

అలాంటిదే 1975 నాటి 'ద హైడింగ్ ప్లేస్'. హాలెండులో గడియారాలు బాగుచేసే టెన్ బూమ్ కుటుంబం యూదులను దాచినందుకు 1944లో చెరపట్టబడింది. అక్క బెట్సీ ఆ శిబిరంలోనే చనిపోయింది. చెల్లెలు కోరీ బ్రతికి బయటపడింది. యుద్ధం అయిన తరువాత ఆ శిబిరపు కావలివాడొకడు వచ్చి క్షమించమని చేయి చాపితే తన చేయి లేవలేదని, ప్రార్థించిన మీదటనే లేచిందని ఆమె తన పుస్తకంలో వ్రాసుకొన్నది. క్షమించడం సులభమని ఆమె ఎక్కడా చెప్పలేదు.

ఒక జాగ్రత్త

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. క్షమ అంటే నేరాన్ని కప్పిపెట్టడం కాదు. గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించింది, చట్టం మాత్రం తన పని తాను చేసింది, ప్రధాన నిందితుడికి జీవిత ఖైదు పడింది. భర్త చేత దెబ్బలు తింటున్న స్త్రీకి "క్షమించు తల్లీ" అని చెప్పి అదే ఇంటికి పంపడం క్షమాపణ బోధ కాదు. ఆమెకు రక్షణ కావాలి, అవసరమైతే పోలీసు సహాయమూ కావాలి. పగను విడిచిపెట్టడం వేరు, పాపానికి తలుపు తెరిచి ఉంచడం వేరు. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఈ తేడా చెప్పండి.

చూసే పద్ధతి

వారానికి ఒక్కటి చాలు. సెల్లులో విడివిడిగా కాక, వీలైతే టీవీకి తగిలించి అందరూ కలిసి చూడండి. పెద్దవారు ముందుగా చూసి ఉంటే మంచిది. అయిపోయిన వెంటనే లేచిపోక పావుగంట మాట్లాడండి. ఎవరు ఎవరికి అన్యాయం చేశారు? బాధపడినవాడు ఏమి చేశాడు? ప్రభువైతే ఏమి చేసియుండును? ఈ మూడు ప్రశ్నలు చాలు. పిల్లవాడు మీకు నచ్చని జవాబు చెప్పినా కోపపడవద్దు. కోపపడితే రేపటి నుండి మళ్ళీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. అవ్వను, జేజిని కూడా కూర్చోబెట్టుకోండి. ఊరిలో తగవులు ఎలా మొదలై ఎలా ముగిశాయో వారికి తెలిసినంతగా ఏ సినిమాకూ తెలియదు.

పదివేల తలాంతుల అప్పు మన్నింపబడినవాడు నూరు దేనారముల కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్న ఉపమానం మత్తయి 18లో ఉన్నది. జగడం మొదలు కావడాన్ని నీటి గట్టుకు పడిన గండితో సామెతలు 17:14 పోలుస్తున్నది. కాలువ కింద సేద్యం చేసేవారికి ఆ పోలిక వివరించనక్కరలేదు. గండి చిన్నదిగా ఉన్నప్పుడు ఒక్క తట్ట మట్టి చాలును.

మన సంఘాల్లో గెనెం దగ్గర, నీటి వంతు దగ్గర, పెండ్లి వడ్డనలో జరిగిన మాట దగ్గర విడిపోయి, ఏళ్ళ తరబడి పలకరింపు లేకుండానే ఒకే ప్రభువు బల్లలో పాలు పొందుతున్న అన్నదమ్ములు ఉన్నారు. వారి పిల్లలు పగ నేర్చుకోవడానికి సినిమా అక్కరలేదు, ఇల్లే చాలును. కాబట్టి ఈ నెల మీ ఇంట్లో పైవాటిలో ఒక్కటైనా చూడండి, మాట్లాడుకోండి. ఆ తరువాత వచ్చే సంస్కారపు ఆదివారమునకు ముందు, మాటలు లేని ఆ ఇంటికి ఒక్కసారి నడిచి వెళ్ళండి. పిల్లలను కూడా వెంట తీసుకొని వెళ్ళండి. ప్రభువు మీ కుటుంబములను తన సమాధానముతో నింపును గాక.