కొత్త బట్ట లేకుంటే పిల్లి వాతే!

పండుగకు కొత్త బట్ట కట్టనివారిని మింగేసే పిల్లి ఒకటుందట! ఇది ఉత్తరాన ఉన్న ఐస్‌లాండ్ దీవిలోని పల్లెల కథ. క్రిస్మస్ రాత్రి, ఇళ్లకంటె ఎత్తయిన ఆ పిల్లి మంచులో తిరుగుతూ కిటికీల్లోంచి తొంగి చూస్తుందని చెబుతారు.

ఒకప్పుడు అక్కడి రైతులకు గొర్రెల ఉన్నే ముఖ్య ఆధారం. పండుగలోగా ఉన్ని వడికి, నేసి, పని ముగించిన పాలేళ్లకు కొత్త బట్ట దక్కేదట. బద్ధకస్తులను అదిలించడానికే పెద్దలు ఈ పిల్లిని పుట్టించారంటారు.

అయితే బట్ట లేనిది బద్ధకస్తులకేనా? బీదవారి మాటేమిటి? 1932లో యోహన్నెస్ ఊర్ కోట్లుమ్ అనే కవి ఈ పిల్లిమీద గేయం రాసి, చివర లేనివారి పిల్లలను తలచుకోమన్నాడు.

ఒక బిడ్డకు బట్ట పెడితే, పిల్లికి ఒక ముద్ద తగ్గినట్టే.